నెట్‌వర్క్ ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్‌ల మధ్య వంతెన

ఒక ప్రోటోకాల్‌లో పంచిపెట్టిన ఫైళ్లను మరో ప్రోటోకాల్ మాత్రమే తెలిసిన కంప్యూటర్లు కూడా వాడుకునేలా చేసే సాఫ్ట్‌వేర్‌ను ఫైల్ షేరింగ్ వంతెన అంటారు. ఒక ఆఫీసులో కొందరు విండోస్ మీద, కొందరు లినక్స్ మీద పనిచేస్తూ ఒకే ఫోల్డర్‌ను తెరుస్తున్నారంటే మధ్యలో ఎక్కడో ఇలాంటి వంతెన ఉన్నట్టే. యూనిక్స్ కుటుంబంలో పుట్టిన ఎన్‌ఎఫ్‌ఎస్‌కూ, విండోస్ కుటుంబంలో పెరిగిన ఎస్‌ఎంబీకీ మధ్య కట్టిన వంతెనలే ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఈ వ్యాసం ప్రధానంగా వాటి రూపకల్పన గురించి.

పైకి చూస్తే ఇది తేలిక పని. చదవడం, రాయడం, పేరు మార్చడం, తొలగించడం రెండింటిలోనూ ఉన్నాయి. ఒకదాని ఆదేశాన్ని మరొకదానిలోకి మార్చి పంపితే సరిపోతుందనిపిస్తుంది. కానీ ప్రతి ప్రోటోకాల్ తన క్లయింట్‌కు కొన్ని హామీలు కూడా ఇస్తుంది. ఈ ఫైల్ నీ చేతిలో ఉండగా వేరెవరూ రాయరు. డిస్కులో పడిందని చెప్పిన డేటా కరెంటు పోయినా పోదు. ఈ ఫైల్ తెరిచింది ఫలానా మనిషే. ఇలాంటి హామీలను నమ్మే వర్డ్ ప్రాసెసర్లు, డేటాబేస్‌లు, అకౌంటింగ్ ప్యాకేజీలు పనిచేస్తాయి. ఆదేశాలను మార్చి, హామీలను వదిలేసిన వంతెన మామూలు రోజుల్లో బాగానే నడుస్తుంది. ఇద్దరు ఒకేసారి ఒకే ఫైల్ మీద పనిచేసిన రోజున దాని లోపం బయటపడుతుంది. నిలబెట్టగల హామీని పూర్తిగా నిలబెట్టడం, నిలబెట్టలేనిదాన్ని ఎర్రర్ రూపంలో తిప్పికొట్టడం: మంచి వంతెనకు ఇదే గీటురాయి.

చారిత్రక నేపథ్యం

ఎన్‌ఎఫ్‌ఎస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చింది. దాని నిర్మాణాన్ని వివరిస్తూ రసెల్ శాండ్‌బర్గ్, డేవిడ్ గోల్డ్‌బర్గ్, స్టీవ్ క్లైమన్, డాన్ వాల్ష్, బాబ్ లయన్ 1985లో యూసెనిక్స్ సభలో ఒక పత్రం సమర్పించారు. సర్వర్ ఆగిపోయి మళ్లీ లేచినా క్లయింట్లకు ఇబ్బంది రాకూడదన్నది వాళ్ల లక్ష్యం. అందుకని ఏ క్లయింట్ ఏ ఫైల్‌ను తెరిచిందన్న లెక్కను సర్వర్ అసలు పెట్టుకోకుండా చేశారు. తెరవడం, మూయడం అన్న ఆదేశాలే తొలి ఎన్‌ఎఫ్‌ఎస్‌లో లేవు. రెండో వెర్షన్ 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1094గా, మూడోది 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1813గా అచ్చయ్యాయి. 2000లో మొదటిసారి వెలువడిన నాలుగో వెర్షన్ ఆ దారి మార్చి, తెరిచిన ఫైళ్ల లెక్కనూ లాక్‌లనూ ప్రోటోకాల్‌లోకే తెచ్చింది. 4.1 వెర్షన్ 2010లో, 4.2 వెర్షన్ 2016లో ప్రమాణాలయ్యాయి.

ఎస్‌ఎంబీ దారి వేరు. 1980ల తొలినాళ్లలో ఐబీఎంలో బ్యారీ ఫైగన్‌బామ్ దీన్ని రూపొందించారు. డాస్‌లో ప్రోగ్రాములు ఫైళ్లను తెరిచే పద్ధతినే నెట్‌వర్క్ మీదికి తేవడం అక్కడి ఉద్దేశం. తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని లాన్ మేనేజర్‌లోకీ, విండోస్‌లోకీ తీసుకుంది. ఇక్కడ మొదటి నుంచీ సర్వర్‌కు అన్నీ గుర్తుంటాయి: ఎవరు లాగిన్ అయ్యారు, ఏ ఫైల్ తెరిచారు, ఇతరులకు ఏది వద్దన్నారు. 1996లో దీనికి సీఐఎఫ్‌ఎస్ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది. 2006లో విండోస్ విస్టాతో వచ్చిన రెండో వెర్షన్, అప్పటిదాకా వందకు పైగా పేరుకుపోయిన ఆదేశాలను 19కి తగ్గించింది. 2012లో వచ్చిన మూడో వెర్షన్ ఎన్‌క్రిప్షన్‌ను చేర్చింది.

ఈ రెంటినీ కలిపిన అతి ముఖ్యమైన ప్రయత్నం సాంబా. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1991 చివర్లో దీన్ని మొదలుపెట్టారు. ప్రోటోకాల్ వివరాలు బహిరంగంగా దొరకని రోజులవి; కేబుల్‌లో అటూఇటూ వెళ్లే ప్యాకెట్లను గమనిస్తూ సర్వర్ ప్రవర్తనను రాబట్టారు. మైక్రోసాఫ్ట్ తన సర్వర్ల ప్రోటోకాల్ సమాచారాన్ని పోటీదారులకు ఇవ్వాలని యూరోపియన్ కమిషన్ 2004లో ఆదేశించింది. 2007 సెప్టెంబరులో యూరప్ న్యాయస్థానం ఆ ఆదేశాన్ని నిలబెట్టింది. అదే ఏడాది డిసెంబరులో కుదిరిన ఒప్పందంతో సాంబా బృందానికి ఆ పత్రాలు అందాయి. 2012 డిసెంబరులో విడుదలైన సాంబా 4.0, విండోస్ నెట్‌వర్క్‌లో ఖాతాలను నడిపే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గా కూడా పనిచేయగలిగింది.

వంతెనల నమూనాలు

మొదటి నమూనాలో నిల్వ ఒకటే, దాని ముందు రెండు సర్వర్లుంటాయి. ఒకే లినక్స్ యంత్రంలో డిస్కు మీదున్న ఫోల్డర్‌ను సాంబా విండోస్‌కూ, కెర్నెల్‌లోని ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ లినక్స్‌కూ చూపిస్తాయి. 1992లో మొదలైన నెట్‌యాప్ సంస్థ తన నిల్వ పెట్టెల్లో రెండు ప్రోటోకాల్‌లనూ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కలిపి అమలు చేసింది. ఈ నమూనాలో అన్నీ ఒకే చోట తేలతాయి కాబట్టి హామీలను నిలబెట్టే అవకాశం ఎక్కువ.

రెండోది గేట్‌వే. ఇది ఒకవైపు క్లయింట్, మరోవైపు సర్వర్. ఎక్కడో ఉన్న ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌ను మౌంట్ చేసుకుని, ఆ ఫోల్డర్‌ను సాంబా ద్వారా మళ్లీ పంచడం దీనికి ఉదాహరణ. విండోస్ ఎన్‌టీ సర్వర్‌లో నెట్‌వేర్ గేట్‌వే సర్వీస్ ఉండేది. నోవెల్ నెట్‌వేర్ సర్వర్‌లోని ఫైళ్లను విండోస్ షేర్లుగా చూపించేది. ఈ నమూనాలో అసలు ఫైళ్లున్న సర్వర్‌ను ఇతరులు నేరుగా కూడా తాకవచ్చు. అది గేట్‌వేకు తెలియదు. కష్టాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

మూడోది యూజర్ స్పేస్‌లో నడిచే సర్వర్. ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ సీఈఏలో పుట్టిన ఎన్‌ఎఫ్‌ఎస్-గణేశ ఇలాంటిదే. కెర్నెల్ ఫైల్ సిస్టమ్ మీద ఆధారపడకుండా, సర్వర్ అడుగున ఎఫ్‌ఎస్‌ఏఎల్ అనే పొర పెట్టారు. సెఫ్, గ్లస్టర్ వంటి నిల్వలకు ఒక్కో మాడ్యూల్ రాస్తే చాలు, పైనున్న ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ మారదు. మరో ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌కు క్లయింట్‌గా మారే ప్రాక్సీ మాడ్యూల్ కూడా దీనికుంది. సాంబాలోని వీఎఫ్‌ఎస్ మాడ్యూళ్లది కూడా ఇదే పద్ధతి.

కొన్నిచోట్ల వంతెనను క్లయింట్‌లోనే పెట్టారు. సన్ సంస్థ 1986లో తెచ్చిన పీసీ-ఎన్‌ఎఫ్‌ఎస్, డాస్ కంప్యూటర్‌కే ఎన్‌ఎఫ్‌ఎస్ నేర్పింది. ప్రతి యంత్రంలోనూ సాఫ్ట్‌వేర్ పెట్టాల్సి రావడం దీని ఇబ్బంది. సర్వర్ వైపు వంతెన నిలదొక్కుకోవడానికి అదొక కారణం.

పేర్లు

ఫైల్ పేరు వంతెనకు ఎదురయ్యే తొలి పరీక్ష. ఎన్‌ఎఫ్‌ఎస్ 3 దృష్టిలో పేరంటే కొన్ని బైట్ల వరుస, అంతే. విండోస్‌లో ఇంగ్లిష్ క్యాపిటల్, స్మాల్ లెటర్ల తేడా పట్టింపు లేదు. నక్షత్రం, ప్రశ్నార్థకం, కోలన్ వంటి గుర్తులు పేరులో కుదరవు. పేరు చివర చుక్క ఉండకూడదు. లినక్స్ వైపు ఇవన్నీ చెల్లుతాయి. లెటర్ల తేడాతో రెండు ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో ఉంటే విండోస్‌కు ఏది చూపాలన్నది మొదటి చిక్కు. వేగం రెండో చిక్కు. ఫలానా పేరుతో ఫైల్ లేదని విండోస్‌కు చెప్పాలంటే సాంబా ఆ ఫోల్డర్‌లోని పేర్లన్నిటినీ చదివి, లెటర్ల తేడా వదిలేసి పోల్చాలి. లక్ష ఫైళ్లున్న ఫోల్డర్‌లో ప్రతి కొత్త ఫైల్‌కూ ఈ వెతుకులాట తప్పదు. 2019లో లినక్స్ 5.2తో ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌కు లెటర్ల తేడా పట్టించుకోని ఫోల్డర్లు వచ్చాక ఈ భారం తగ్గే దారి దొరికింది.

తెలుగులో క్యాపిటల్, స్మాల్ తేడా లేదు గానీ వేరే చిక్కులున్నాయి. హైదరాబాద్ అన్న పేరునే చూడండి. యూనికోడ్‌లో ఇది 9 సంకేతాలు. ఎస్‌ఎంబీ పేర్లను యూటీఎఫ్-16లో పంపుతుంది కాబట్టి కేబుల్ మీద 18 బైట్లు. అదే పేరు లినక్స్ డిస్కు మీద యూటీఎఫ్-8లో 27 బైట్లు, ఎందుకంటే అక్కడ ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఎక్స్‌ట్4లో పేరుకు పరిమితి 255 బైట్లు. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పరిమితి యూటీఎఫ్-16 లెక్కన 255 యూనిట్లు. విండోస్‌లో 255 సంకేతాల దాకా సాగే తెలుగు పేరు లినక్స్ నిల్వలో 85 దగ్గరే ఆగిపోతుందన్నమాట. ప్రభుత్వ ఉత్తర్వుల శీర్షికనో, పరిశోధన పత్రం పేరునో మొత్తంగా ఫైల్‌కు పెట్టేవాళ్లు ఈ హద్దును సులువుగా దాటేస్తారు. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే పరీక్షించిన వంతెనలో ఈ లోపం ఎప్పటికీ కనబడదు.

ఐత్వం ఇంకో చిక్కు. యూనికోడ్‌లో దానికి సొంత సంకేతం ఉంది. ఎత్వాన్నీ, కింద రాసే గుర్తునూ పక్కపక్కన పెట్టి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. రెండు రాతలూ సమానమని యూనికోడ్ ప్రమాణమే చెబుతోంది. యాపిల్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచేది. దాని దగ్గర హైదరాబాద్ 10 సంకేతాలు, యూటీఎఫ్-8 లెక్కన 30 బైట్లు అవుతుంది. బైట్లనే పోల్చే సర్వర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. తెర మీద ఒకేలా కనిపించే రెండు ఫోల్డర్లు పక్కపక్కన పుట్టుకొస్తాయి. సాఫ్ట్‌వేర్ వంటి మాటల మధ్య టైప్ చేసే కనబడని విడదీత గుర్తు ఉన్నా లేకపోయినా ఇదే జరుగుతుంది, పైగా దాన్ని యూనికోడ్ సమానత్వ నియమాలు కూడా కలపవు. వచ్చిన పేరును వచ్చినట్టే దాచి, పోల్చేటప్పుడు మాత్రం విడిరూపాన్నీ కలిసిన రూపాన్నీ ఒకటిగా చూడటం సురక్షితమైన పద్ధతి. డిస్కు మీది పేరును వంతెన తనంతట తాను మార్చేస్తే రెండో వైపు ప్రోగ్రాములకు ఆ ఫైల్ మాయమైనట్టే.

గుర్తింపు

లినక్స్‌కు మనిషంటే ఒక సంఖ్య, యూఐడీ. విండోస్‌కు మనిషంటే ఎస్‌ఐడీ అనే పొడవైన గుర్తు. అందులో డొమైన్ కూడా ఇమిడి ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ 4 మూడో పద్ధతి పాటిస్తుంది: పేరు, డొమైన్ కలిపి ఈమెయిల్ అడ్రసులా రాస్తుంది. వంతెన వీటి మధ్య పట్టిక నడపాలి. సాంబాలో ఆ పని విన్‌బైండ్ చేస్తుంది. ఎవరు ముందొస్తే వాళ్లకు తర్వాతి నంబరు ఇచ్చే పద్ధతి ఒకటుంది. యంత్రం ఒకటే అయితే దాంతో ఇబ్బంది లేదు. రెండో గేట్‌వే పెట్టిన రోజున అదే ఉద్యోగికి అక్కడ వేరే నంబరు వస్తుంది, ఒకరి ఫైళ్లు మరొకరివిగా కనిపిస్తాయి. అందుకే ఎస్‌ఐడీ చివరి సంఖ్య నుంచి యూఐడీని లెక్కగట్టే పద్ధతి గానీ, యాక్టివ్ డైరెక్టరీలోనే యూఐడీని రాసిపెట్టే పద్ధతి గానీ మేలు. ఏ యంత్రంలో చూసినా జవాబు ఒకటే రావాలి.

నెట్‌వేర్ గేట్‌వే దీన్ని మరీ సులువుగా తేల్చేసింది. ఎంతమంది విండోస్ వాడకందార్లు వచ్చినా అవతలి సర్వర్‌కు ఒకే ఖాతాతో వెళ్లేది. ఫైల్ ఎవరు మార్చారని నెట్‌వేర్ వైపు అడిగితే ఎప్పుడూ ఒకే సమాధానం. సౌకర్యం కోసం మనుషుల గుర్తింపును కలిపేసిన ఈ ధోరణి ఇప్పటి గేట్‌వేల్లోనూ కనిపిస్తుంది. ఆడిట్ అవసరమైన చోట అలాంటి వంతెనను పెట్టకూడదు.

దిశను బట్టి కష్టం మారుతుంది. ఎస్‌ఎంబీ క్లయింట్ లాగిన్ అయి వస్తాడు. గేట్‌వే అతని యూఐడీతో ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌కు వెళ్లగలదు, ఎందుకంటే పాత ఎన్‌ఎఫ్‌ఎస్‌లో క్లయింట్ యంత్రం చెప్పిన సంఖ్యనే సర్వర్ నమ్ముతుంది. ఎదురు దిశలో ఆ వీలు లేదు. ఎన్‌ఎఫ్‌ఎస్ నుంచి వచ్చినవాడి పాస్‌వర్డ్ గేట్‌వే దగ్గర ఉండదు, ఎస్‌ఎంబీ సర్వర్ దాన్ని అడక్క మానదు. రెండు వైపులా టికెట్లతో గుర్తింపును నిరూపించే కెర్బెరోస్ ఉండి, వాడకందారు తరఫున టికెట్ తీసుకునే అధికారాన్ని గేట్‌వేకు ఇస్తేనే ఇది సక్రమంగా సాగుతుంది. పాత ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఇంకో పరిమితి కూడా ఉంది: ఒక మనిషికి 16 గ్రూపులకు మించి పంపడం కుదరదు. పెద్ద సంస్థల్లో ఒక్కొక్కరు అంతకంటే ఎక్కువ గ్రూపుల్లో ఉంటారు. 17వ గ్రూపు ద్వారా వచ్చే హక్కు చెప్పాపెట్టకుండా పోతుంది. లినక్స్ సర్వర్‌లో గ్రూపులను సర్వరే వెతుక్కునే ఏర్పాటు ఉంది. వంతెనలో దాన్ని తప్పక వాడాలి.

అనుమతులు

యూనిక్స్‌లో ఫైల్ అనుమతులు తొమ్మిది బిట్లు: యజమానికి, గ్రూపుకు, మిగతావాళ్లకు చదవడం, రాయడం, నడపడం. విండోస్‌లో ఏసీఎల్ ఉంటుంది: ఎవరికి ఏది ఇవ్వాలో, ఎవరికి ఏది కాదనాలో వరుసగా రాసిన జాబితా, పై ఫోల్డర్ నుంచి వారసత్వంగా దిగుతుంది. బిట్ల నుంచి ఏసీఎల్ తయారు చేయడం తేలిక. ఏసీఎల్‌ను బిట్లలోకి కుదిస్తే సమాచారం పోతుంది.

ఒక సందర్భం చూద్దాం. విండోస్ వైపు మేనేజర్ ఒక ఫైల్‌కు ఏడు వరుసల ఏసీఎల్ పెట్టాడు. లినక్స్ వైపు ఒకరు అదే ఫైల్ మీద 640 అని అనుమతులు మార్చారు. ఇప్పుడు వంతెన ఏం చేయాలి? ఏసీఎల్ తీసేసి బిట్లు పెడితే మేనేజర్ ఆంక్షలు పోతాయి. ఆదేశాన్ని వినకుండా సరేనంటే లినక్స్ మనిషి మోసపోతాడు. నెట్‌యాప్ దీన్ని నిర్వాహకుడి ఎంపికకు వదిలింది: ఒక వాల్యూమ్ విండోస్ శైలిదా, యూనిక్స్ శైలిదా, మిశ్రమమా అన్నది ముందే తేల్చుకోవాలి. మొదటి రెండింటిలో అనుమతులు మార్చే హక్కు ఒక పక్షానికే ఉంటుంది. మిశ్రమంలో చివరగా మార్చినవారి మాట చెల్లుతుంది. సాంబాలోని ఒక మాడ్యూల్ విండోస్ ఏసీఎల్‌ను ఫైల్ పక్కనే అదనపు లక్షణంగా దాస్తూ, అప్పటి యూనిక్స్ అనుమతుల హాష్‌ను కూడా రాసుకుంటుంది. తర్వాత ఎవరైనా యూనిక్స్ వైపు నుంచి మారిస్తే హాష్ కలవదు. దాచిన ఏసీఎల్ పాతబడిందని సాంబాకు తెలిసిపోతుంది.

ఎన్‌ఎఫ్‌ఎస్ 3లో చేరిన యాక్సెస్ అనే ఆదేశం వంతెనలకు ఎంతో మేలు చేసింది. రెండో వెర్షన్‌లో క్లయింట్ బిట్లు చూసి తనే ఊహించుకునేది. మూడో వెర్షన్ నుంచి నాకు ఇది చేసే హక్కుందా అని సర్వర్‌నే అడగగలదు, సర్వర్ పూర్తి ఏసీఎల్ చూసి జవాబిస్తుంది.

లాక్‌లు

వంతెన నిజాయితీ తేలేది లాక్‌ల దగ్గరే. ఎస్‌ఎంబీలో ఫైల్ తెరిచేటప్పుడే నేను మూసేదాకా వేరెవరూ రాయకూడదని షరతు పెట్టవచ్చు. బైట్ శ్రేణుల మీద వేసే లాక్‌లు కూడా అక్కడ నిర్బంధం: లాక్ ఉన్న చోట ఇతరులు రాయబోతే సర్వర్ ఆపేస్తుంది. యూనిక్స్ సంప్రదాయంలో లాక్ సలహా మాత్రమే. అడిగిన ప్రోగ్రాముకే అది కనిపిస్తుంది, అడగకుండా రాసేవారిని ఎవరూ ఆపరు. ఎన్‌ఎఫ్‌ఎస్ 3లోనైతే తెరవడమే లేదు కాబట్టి తెరిచేటప్పటి షరతును పరీక్షించే చోటే ఉండదు. ప్రతి రాత దగ్గరా పరీక్షించాలి.

రెండు సర్వర్లు రెండు లాక్ పట్టికలు పెట్టుకోవడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ఒకే ప్లాటును రెండు రిజిస్టర్లలో రాసుకుంటూ, ఒకరి రిజిస్టర్ ఒకరు చూడకుండా ఇద్దరికి అమ్మినట్టే అవుతుంది. సాంబా తన తెరిచే షరతులను సొంత డేటాబేస్‌లో ఉంచుకుంటుంది. కెర్నెల్ ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ఆ డేటాబేస్‌ను చూడదు. బైట్ శ్రేణుల లాక్‌లను మాత్రం సాంబా కెర్నెల్ లాక్‌లుగా కూడా వేయగలదు, వాటిని రెండు సర్వర్లూ చూస్తాయి. అక్కడా ఒక మెలిక ఉంది. యూనిక్స్ నియమం ప్రకారం ఒక ప్రాసెస్ ఫైల్‌ను ఒక్కచోట మూసినా దాని మీద ఆ ప్రాసెస్ వేసిన లాక్‌లన్నీ పోతాయి. విండోస్‌లో ఏ హ్యాండిల్ లాక్ దానిదే. అందుకని లాక్‌లు మిగిలి ఉన్నంతసేపూ సాంబా ఫైల్‌ను నిజంగా మూయకుండా వాయిదా వేస్తుంది.

క్యాష్ హక్కులు ఇంకా సున్నితం. ఎస్‌ఎంబీ సర్వర్ ఒక క్లయింట్‌కు ఆప్‌లాక్ ఇస్తే, ఆ ఫైల్‌ను ప్రస్తుతం నువ్వొక్కడివే వాడుతున్నావు, మార్పులను నీ మెమరీలోనే ఉంచుకోవచ్చని అర్థం. రెండోవాళ్లు వస్తే సర్వర్ ఆప్‌లాక్‌ను వెనక్కి పిలుస్తుంది, క్లయింట్ మార్పులను పంపేస్తుంది. ఆ రెండోవాడు ఎన్‌ఎఫ్‌ఎస్ నుంచి వస్తే? లినక్స్ కెర్నెల్‌లోని లీజ్ ఏర్పాటును వాడుకుని సాంబా ఆప్‌లాక్‌ను కెర్నెల్‌కు కూడా తెలియజేయగలదు. అప్పుడు ఎన్‌ఎఫ్‌ఎస్ నుంచి వచ్చిన అభ్యర్థన లీజ్‌ను తాకి ఆగుతుంది. విండోస్ క్లయింట్ తన డేటాను పంపేయడానికి కొన్ని సెకన్లు పట్టవచ్చు. లినక్స్‌లో ఈ గడువు మామూలుగా 45 సెకన్లు. అంతసేపు ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్‌కు ఏం చెప్పాలి? దానికి మూడో వెర్షన్‌లో జూక్‌బాక్స్ అనే ఎర్రర్ ఉంది: పని మొదలైంది, కాసేపాగి మళ్లీ అడుగు. టేపుల్లోకీ ఆప్టికల్ డిస్కుల్లోకీ వెళ్లిపోయిన ఫైళ్ల కోసం పెట్టిన ఈ జవాబు వంతెనలకు వరమైంది. నాలుగో వెర్షన్‌లో దీన్నే డిలే అంటారు.

గేట్‌వే నమూనాలో ఈ దారి మూసుకుపోతుంది. వెనకనున్న సర్వర్ ఎన్‌ఎఫ్‌ఎస్ 3 అయితే వేరే యంత్రం ఆ ఫైల్‌ను మార్చిన సంగతి గేట్‌వేకు చెప్పేవారు లేరు. కాబట్టి ఆ గేట్‌వే ఎవరికీ ఆప్‌లాక్ ఇవ్వకూడదు. ఇస్తే అది వట్టి మాట. వెనక ఎన్‌ఎఫ్‌ఎస్ 4 ఉండి, ఆ సర్వర్ డెలిగేషన్ (ఆప్‌లాక్ లాంటి క్యాష్ హక్కు) ఇస్తే, దాని బలంతో ముందువైపు ఆప్‌లాక్ ఇవ్వవచ్చు. వెనక దొరికిన హామీకి మించి ముందు హామీ ఇవ్వరాదన్నది వంతెన రూపకల్పనలో మూల నియమం. నెమ్మదైనా సరే, తప్పు డేటా కన్నా నెమ్మదే నయం.

హ్యాండిల్, పునఃప్రారంభం

ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ ఒక ఫైల్‌ను గుర్తుపట్టేది హ్యాండిల్ అనే బైట్ల ముద్దతో. రెండో వెర్షన్‌లో అది సరిగ్గా 32 బైట్లు, మూడులో 64 దాకా, నాలుగులో 128 దాకా. సర్వర్ రీబూట్ అయినా, ఫైల్ పేరు మారినా ఆ హ్యాండిల్ చెల్లాలి. ఎస్‌ఎంబీ సర్వర్ ముందు ఎన్‌ఎఫ్‌ఎస్ ముఖం పెట్టాలంటే ఇదే పెద్ద అడ్డంకి, ఎందుకంటే అక్కడ ఫైల్‌ను మామూలుగా దారి పేరుతో తెరుస్తారు. హ్యాండిల్ నుంచి దారికి వెళ్లే పట్టికను మెమరీలో పెట్టుకుంటే గేట్‌వే ఆగి లేవగానే క్లయింట్లన్నిటికీ స్టేల్ హ్యాండిల్ ఎర్రర్ వస్తుంది. డిస్కులో పెట్టుకున్నా, వెనక ఎవరైనా పేరు మారిస్తే పట్టిక తప్పుతుంది. వెనక సర్వర్ ఇచ్చే మారని ఫైల్ నంబరును హ్యాండిల్‌లో ఇమడ్చడం మంచి దారి.

లినక్స్‌లో ఒక ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్‌ను మళ్లీ ఎన్‌ఎఫ్‌ఎస్‌గానే పంచవచ్చు. ఒకే ప్రోటోకాల్ అయినా అక్కడా హద్దులున్నాయి: వెనకటి హ్యాండిల్‌కు గేట్‌వే తన బైట్లు కలుపుతుంది కాబట్టి అసలు హ్యాండిల్ పెద్దదైతే పట్టదు, గేట్‌వే రీబూట్ అయితే లాక్‌లను తిరిగి పొందే ఏర్పాటు నమ్మదగ్గది కాదు.

తెరిచి ఉన్న ఫైల్‌ను తొలగించినప్పుడు కూడా తేడా బయటపడుతుంది. యూనిక్స్‌లో పేరు పోతుంది, డేటా ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ దీన్ని అనుకరించడానికి ఫైల్‌కు చుక్కతో మొదలయ్యే తాత్కాలిక పేరు పెట్టి, మూశాక తొలగిస్తుంది. విండోస్ వాడకందార్లకు ఈ అనామక ఫైళ్లు కనిపించి కంగారు పెడతాయి. వాటిని దాచిపెట్టాలి, తుడిచేయకూడదు.

రాత మన్నిక

ఎన్‌ఎఫ్‌ఎస్ 2లో ప్రతి రాతా డిస్కులో పడ్డాకే సర్వర్ సరే అనాలి. మూడో వెర్షన్ వేగం కోసం దీన్ని రెండుగా విడదీసింది: ముందు రాయి, తర్వాత కమిట్ అడుగు. సర్వర్ ప్రతి జవాబులోనూ 8 బైట్ల వెరిఫయర్ పంపుతుంది. సర్వర్ మధ్యలో పడిపోయి లేస్తే అది మారుతుంది, క్లయింట్ కమిట్ కాని డేటానంతా మళ్లీ పంపుతుంది. గేట్‌వే విషయంలో పడిపోగల యంత్రాలు రెండు. వెనకటి సర్వర్ రీస్టార్ట్ అయిందని తెలిసినా గేట్‌వే తన వెరిఫయర్ మార్చాలి. లేదంటే క్లయింట్ నిశ్చింతగా తన కాపీని పారేస్తుంది, డేటా ఎక్కడా మిగలదు. అలాగే ముందువైపు నుంచి కమిట్ వస్తే వెనక ఎస్‌ఎంబీ ఫ్లష్ పూర్తయ్యాకే జవాబివ్వాలి. వేగం పరీక్షల్లో మార్కుల కోసం ఈ ఎదురుచూపును తీసేసిన గేట్‌వే వాడకందారుకు అబద్ధం చెబుతున్నట్టే.

సమయం, ఇతర లక్షణాలు

విండోస్ కాలాన్ని 1601 జనవరి 1 నుంచి 100 నానోసెకన్ల మెట్లలో లెక్కిస్తుంది. యూనిక్స్ 1970 జనవరి 1 నుంచి. తేడా 1,164 కోట్ల 44 లక్షల 73 వేల 600 సెకన్లు. కూడిక, తీసివేతతో ఇది తేలిపోతుంది. ఫైల్ పుట్టిన సమయం మాత్రం ఎన్‌ఎఫ్‌ఎస్ 3లో లేదు. దాన్నీ, హిడెన్, ఆర్కైవ్ వంటి డాస్ గుర్తులనూ సాంబా ఫైల్ అదనపు లక్షణాల్లో దాస్తుంది. ఫోల్డర్‌లో మార్పు జరిగితే తెలియజేయమని విండోస్ కోరగలదు; ఎన్‌ఎఫ్‌ఎస్ 3కి ఆ ఏర్పాటు లేదు కాబట్టి గేట్‌వే పదేపదే చూసి తెలుసుకోవాలి.

భద్రత

రెండు వైపుల్లో బలహీనమైనదే వంతెన భద్రతకు హద్దు. ఒకవైపు ఎస్‌ఎంబీ 3 ఎన్‌క్రిప్షన్ ఉండి, మరోవైపు యూఐడీని నమ్మే ఎన్‌ఎఫ్‌ఎస్ బహిరంగంగా నడిస్తే ఆ ఎన్‌క్రిప్షన్‌కు అర్థం లేదు. కెర్బెరోస్‌తో పాటు, 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9289గా వచ్చిన టీఎల్‌ఎస్ పద్ధతి ఈ లోటు తీరుస్తుంది. పాత స్కానర్ల కోసం ఎస్‌ఎంబీ 1ను తెరిచి ఉంచడం మరో ప్రమాదం. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది దాని అమలులోని లోపం గుండానే. అదే ఏడాది చివరి విండోస్ 10 విడుదల నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని డిఫాల్ట్‌గా ఇవ్వడం మానింది. సింబాలిక్ లింకుల విషయంలో కూడా జాగ్రత్త కావాలి. ఎన్‌ఎఫ్‌ఎస్ వైపు పెట్టిన లింకును సర్వర్ అనుసరించి పోతే, షేర్ బయటి ఫైళ్లు విండోస్ వైపు బయటపడతాయి.

పరీక్షలు

సాంబాతో వచ్చే ఎస్‌ఎంబీటార్చర్ ఒక వైపును, కనెక్టథాన్ పరీక్షలు ఎన్‌ఎఫ్‌ఎస్ వైపును చూస్తాయి. వంతెనకు రెండూ విడివిడిగా పాసైతే చాలదు. విండోస్ నుంచి లాక్ వేసి లినక్స్ నుంచి రాయబోవడం, రాత మధ్యలో వెనకటి సర్వర్‌ను ఆపి డేటాను సరిపోల్చడం, 90 సంకేతాల తెలుగు పేరుతో ఫైల్ పెట్టి రెండు వైపులా చూడటం వంటి అడ్డపరీక్షలు రాయాలి. లోపాలు దొరికేది వాటిలోనే.

వర్తమాన ధోరణులు

కాలక్రమంలో రెండు పక్షాలూ దగ్గరయ్యాయి. ఎన్‌ఎఫ్‌ఎస్ 4 విండోస్‌ను దృష్టిలో పెట్టుకుని తెరిచేటప్పటి షరతులను, వరుస ఏసీఎల్‌లను, డెలిగేషన్లను చేర్చుకుంది. యాపిల్ 2013లో మావెరిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో తన సొంత ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్ ఏఎఫ్‌పీని పక్కన పెట్టి ఎస్‌ఎంబీ 2ను డిఫాల్ట్ చేసింది. 2021లో లినక్స్ 5.15లో కెర్నెల్‌లోనే నడిచే ఎస్‌ఎంబీ సర్వర్ వచ్చింది.

కొత్త కష్టం ఆబ్జెక్ట్ నిల్వ నుంచి వచ్చింది. 2006లో మొదలైన అమెజాన్ ఎస్3 తరహా నిల్వలో ఫైల్ మధ్యలో నాలుగు బైట్లు మార్చడం సాధారణంగా కుదరదు, మొత్తం ఆబ్జెక్ట్ తిరిగి రాయాలి. ఫోల్డర్ పేరు మార్చాలంటే అందులోని ప్రతిదాన్నీ కాపీ చేసి పాతది తొలగించాలి. ఎన్‌ఎఫ్‌ఎస్‌లోనూ ఎస్‌ఎంబీలోనూ పేరు మార్పు ఒక్క అడుగు. సగం మారిన స్థితి ఎవరికీ కనబడదని ప్రోగ్రాములు నమ్ముతాయి. అందుకే ఈ గేట్‌వేలు స్థానిక డిస్కులో క్యాష్ పెట్టుకుని, నిదానంగా ఎక్కిస్తాయి. అదే నిల్వను ఇంకొకరు నేరుగా మారిస్తే మళ్లీ పాత సమస్యే.

ప్రోటోకాల్‌లు మారినా వంతెన కట్టేవారి ముందున్న ప్రశ్నలు మారలేదు: లాక్ ఎవరి దగ్గరుంది, డేటా ఎక్కడ పడింది, మనిషి ఎవరు. వీటికి ఒకేచోట ఒకే జవాబు దొరికేలా కట్టాలి. ఏ హామీ నిలుస్తుందో, ఏది నిలవదో వాడకందార్లకు ముందే రాసి ఇవ్వాలి. అప్పుడే వాళ్లు తమ డేటాబేస్‌ను ఆ వంతెన మీద నడపాలా, లేక మామూలు డాక్యుమెంట్లకే పరిమితం చేయాలా అన్నది తెలిసి నిర్ణయించుకోగలుగుతారు.